పౌరస్వేచ్ఛలూ, పోలీసు అనుమతులూ

ప్రతిపక్షంలో వున్నంతకాలం మన రాష్ట్రాలలో ప్రతి పార్టీ పౌరస్వేచ్ఛల పార్టీయే. గద్దె ఎక్కిన మర్నాడు అదే పార్టీకి శాంతిభద్రతలు గుర్తుకు వస్తాయి. ఇది అందరూ ఎరిగిన సంగతే. దీన్ని చెప్పటానికి ఒక వ్యాసం రాయనక్కరలేదు. అయితే పార్టీలు మారుతున్నా మారకుండా నిలిచి వుండేది ఒకటున్నది. సభ పెట్టుకోవాలన్నా, వూరేగింపు తీయాలన్నా, ఒకచోటికి పోయి నిలబడి నాలుగు మాటలు మాట్లాడాలన్నా పౌరుడు ముందుగా ఠాణాలో అర్జీ పెట్టుకోవాలనీ, ఠాణాకు దయ కలిగితే మాట్లాడాలనీ, కలగకపోతే యింట్లో కూర్చోవాలనీ నమ్మే అలవాటు. రాజ్యాంగం 19వ అధికరణం హక్కు అని రాసినదానిని లోకం అనుమతి అని పిలుస్తున్నది. పాలకులు ఆ మాట నేర్పారు. పత్రికలు వంత పాడాయి. మన అభ్యుదయ మిత్రులు కూడా కొందరు తల వూపుతున్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ తల వూపటాన్ని గూర్చి.

ఉదాహరణకు దూరం పోనక్కరలేదు. హైదరాబాదుకు పడమట, గండిపేట చెరువుకు పొరుగున, నార్సింగి దాటగానే కోకాపేట వస్తుంది. ఒకప్పుడు రాళ్ళూ పొలాలూ వున్న వూరు. ఇవాళ అవుటర్ రింగురోడ్డు మీద నిలబడి చూస్తే అంతస్తు మీద అంతస్తు లేస్తున్న కాంక్రీటు తప్ప మరేమీ కనబడదు. అక్కడి ప్రభుత్వ భూమిని హెచ్.ఎం.డి.ఎ. చదును చేసి, రోడ్లు వేసి, నియోపొలిస్ అని గ్రీకు పేరు పెట్టి వేలం వేసింది. (తెలుగు పేరు పెడితే ధర పలకదని కాబోలు.) 2021 జులై 15న జరిగిన వేలంలో దాదాపు 50 ఎకరాలకు 2,000 కోట్ల రూపాయలు వచ్చాయి, ఒకచోట ఎకరం 60 కోట్లు దాటింది. 2023 ఆగస్టు 3న 45 ఎకరాలకు 3,300 కోట్లకు పైగా వచ్చాయి. ఎకరం 100 కోట్లు దాటింది. 2025 నవంబరులో ఎకరం 151 కోట్లు పలికింది.

భూమి ధరలు చెప్పి ఆశ్చర్యపరచటానికి యీ అంకెలు యివ్వలేదు. ప్రజల ఆస్తి యింత పెద్ద మొత్తానికి చేతులు మారుతున్నప్పుడు, ఎవరికి పోయింది, ఎందుకు పోయింది, సక్రమంగానే పోయిందా అని అడగటం కంటే ముఖ్యమైన రాజకీయ ప్రసంగం ప్రజాస్వామ్యంలో మరొకటి వుంటుందా? ఆ ప్రశ్న తప్పుడు ప్రశ్న కావచ్చు, అందులో ఆరోపణ రుజువు కాకపోవచ్చు. అడిగే స్వేచ్ఛకు దానితో నిమిత్తం లేదు.

2021 జులైలో ఆ ప్రశ్న అడిగినవారు అప్పుడే ప్రదేశ్ కాంగ్రెసు అధ్యక్షులైన రేవంత్‌రెడ్డి. వేలంలో కుంభకోణం జరిగిందని ఆరోపించి, కోకాపేట భూముల దగ్గరకు పోయి నిరసన తెలుపుతామని ఆయన పార్టీ ప్రకటించింది. జులై 19 తెల్లవారేసరికి జూబిలీహిల్సులోని ఆయన యింటి ముందు పోలీసులు నిలబడి వున్నారు. కోకాపేటకు కాదు గదా, గుమ్మం దాటి ఎక్కడికీ పోనివ్వలేదు. ఆయన అప్పుడు లోక్‌సభ సభ్యులు. ఆనాడే పార్లమెంటు వర్షాకాల సమావేశాలు మొదలవుతున్నాయి. సభకు పోకుండా అడ్డుకున్నారని, అది సభాహక్కుల ఉల్లంఘన అని ఆయన స్పీకరుకు ఫిర్యాదు చేశారు. న్యాయమైన ఫిర్యాదే.

ఇక్కడ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించవలసి వున్నది. ఆ ఉదయం ఆయనను నిలిపివేసింది ఏ శాసనం? పత్రికలు “గృహనిర్బంధం” అని రాశాయి. ఆ మాట వినటానికి శాసనం పుస్తకంలోంచి వచ్చినట్లే వుంటుంది. పుస్తకం తెరిచి చూడండి. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 151వ సెక్షను వుండేది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త సంహితలో అది 170వ సెక్షను అయింది. ఒక మనిషి కాగ్నిజబుల్ నేరం చేయ సంకల్పించాడని తెలిసి, వేరే విధంగా దాన్ని ఆపటం సాధ్యం కాదని తోస్తే, పోలీసు అధికారి వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చునని అందులో వున్నది. అదైనా 24 గంటలకు మించకూడదు. అరెస్టు చేస్తే అరెస్టు అని రాయాలి. కారణం ఆ మనిషికి చెప్పాలి. 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని 22వ అధికరణం అంటున్నది. ఈ మొత్తంలో, ఒక ఇనస్పెక్టరు వచ్చి గేటుకు కుర్చీ వేసుకు కూర్చుని “సార్, ఇవాళ బయటికి రావద్దు” అనే అధికారం ఎక్కడున్నది? 2021 మే 12న గౌతం నవలఖా కేసులో సుప్రీంకోర్టు గృహనిర్బంధాన్ని ఒక విధమైన కస్టడీగా ఒప్పుకున్నది. కాని అది న్యాయస్థానం ఉత్తరువు యిచ్చి విధించే కస్టడీ. కమిషనరు ఫోను మీద విధించేది కాదు.

అరెస్టు చేస్తే కాగితం పుడుతుంది. కాగితం పుడితే న్యాయస్థానంలో దాన్ని ప్రశ్నించవచ్చు. కాబట్టి కాగితమే లేకుండా పని జరిపించుకుంటున్నారు. గృహనిర్బంధంలోని అసలు కిటుకు యిదే. సహేతుకమైన పరిమితులు విధించే అధికారం రాజ్యాంగం రాజ్యానికి యిచ్చిన మాట నిజమే, కాని “శాసనం ద్వారా” విధించాలన్నది. శాసనం లేని చోట పరిమితి సహేతుకమా కాదా అనే చర్చకే తావు లేదు.

తరువాత జరిగింది అందరికీ తెలుసు. 2023 డిసెంబరు 7న రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ప్రమాణస్వీకారం నాడే ప్రగతిభవన్ ముందున్న యినుపకంచె తొలగించారు. మంచి పనే; మెచ్చుకున్నాం. ఏడాది తిరక్కముందే, 2024 సెప్టెంబరులో, బి.ఆర్.ఎస్. నాయకుల యిళ్ళ ముందు పోలీసులు వచ్చి నిలబడ్డారు. అదే కుర్చీ, అదే గేటు, అదే “ఇవాళ బయటికి రావద్దు”. ఆ సంవత్సరమే అక్టోబరు 27 నుండి నవంబరు 28 వరకు హైదరాబాదు నగరమంతటా అయిదుగురు గాని, అంతకు మించి గాని గుమికూడరాదని నెలరోజుల నిషేధాజ్ఞ వచ్చింది. ఇందిరా పార్కు ధర్నాచౌకులో మాత్రం శాంతియుతంగా కూర్చోవచ్చునన్నారు. 2025 మార్చి 30న కంచ గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాలలోకి బుల్డోజర్లు వస్తే, అడ్డం పోయిన విద్యార్థులను పదుల సంఖ్యలో వ్యానులలోకి ఎక్కించారు. నాలుగు రోజులు తిరక్కుండా, ఏప్రిల్ 3న, సుప్రీంకోర్టు తనంతట తాను జోక్యం చేసుకుని ఆ పని ఆపించింది. అనగా అరెస్టయిన విద్యార్థులు అన్నమాటే దేశంలోని అత్యున్నత న్యాయస్థానానికీ వినవలసిన మాటగా తోచింది. గచ్చిబౌలి ఠాణాకు మాత్రం అది శాంతికి భంగం. ఇక కోకాపేట సంగతి: 2021లో వేలాన్ని ప్రశ్నించటానికి పోబోయినవారి ప్రభుత్వమే 2025 నవంబరులో అదే నియోపొలిస్‌లో అదే వేలంపాట పాడింది.

అవతలి పక్షం తక్కువ తినలేదు. 2017లో ధర్నాచౌకును మూసివేసి, నిరసనలు వూరి పొలిమేరల్లో చేసుకొమ్మన్నది బి.ఆర్.ఎస్. ప్రభుత్వమే (అప్పటి పేరు టి.ఆర్.ఎస్.). ఆ మే 15న చౌకును దక్కించుకోవటానికి వామపక్షాలు, ప్రజాసంఘాలు కదిలినప్పుడు అక్కడ జరిగిన తోపులాట చాలామందికి జ్ఞాపకం వుండే వుంటుంది. 2018లో హైకోర్టు చెబితేగాని చౌకు తెరుచుకోలేదు. 2021 నవంబరు 18న వడ్లు కొనాలని కేంద్రాన్ని నిలదీస్తూ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ధర్నాకు కూర్చున్నారు. ఎక్కడ కూర్చున్నారు? ఇందిరా పార్కు దగ్గర. తాను మూసిన చోటనే. ముఖ్యమంత్రికి కూడా చివరకు ఒక ధర్నాచౌకు అవసరమైంది!

ఇంతవరకు చెప్పింది పాలకవర్గ పార్టీల సంగతి. దీన్ని చదివి మన మిత్రులు చప్పట్లు కొడతారు. ఇకమీద చెప్పేది వారికి అంతగా రుచించకపోవచ్చు.

2023 సెప్టెంబరు 9న ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబునాయుడును అరెస్టు చేశారు. ఆ వారమే గచ్చిబౌలి విప్రో కూడలిలో, హైటెక్ సిటీలో ఐటి ఉద్యోగులు ప్లకార్డులు పట్టుకొని రోడ్డు పక్కన నిలబడ్డారు. అనుమతి లేదని సైబరాబాదు పోలీసులు చెదరగొట్టారు. పొరుగు రాష్ట్రం తగవు పొరుగు రాష్ట్రంలోనే తేల్చుకోవాలని, యిక్కడ శాంతిభద్రతలకు భంగం తేవద్దని అప్పటి మంత్రి కె.టి. రామారావు హితవు చెప్పారు. సెప్టెంబరు 24న కార్లు కట్టుకుని రాజమహేంద్రవరానికి బయలుదేరిన వారిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు సరిహద్దులో ఆపారు. ఇక్కడ మాట్లాడితే అక్కడికి పొమ్మంటారు. అక్కడికి పోతే అనుమతి లేదంటారు. మరి ఎక్కడ మాట్లాడాలి? కృష్ణానది మధ్యలోనా?

అప్పుడు మన మిత్రులు ఏమన్నారు? ఎక్కువమంది ఏమీ అనలేదు. అన్నవారు నవ్వారు. “సంఘం పెట్టుకోండిరా అంటే పెట్టుకోని వాళ్ళు, పక్కవాడి ఉద్యోగం వూడితే తల తిప్పి చూడని వాళ్ళు, నాయకుడి కోసం రోడ్డెక్కారు” అన్నారు. దీనికి వెనక ఒక గాయం వున్నదని నేనెరుగుదును. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగులో విద్యుచ్ఛక్తి చార్జీలకు వ్యతిరేకంగా కదిలిన ప్రజల మీద కాల్పులు జరిపి ముగ్గురి ప్రాణాలు తీసినది చంద్రబాబునాయుడు ప్రభుత్వం. ఆయన పేరు రాసిన ప్లకార్డును కాపాడమంటే ఎవరికి మనసొప్పుతుంది? ఒప్పదు. కాని సూత్రానికి పరీక్ష మనసొప్పని చోటనే గదా జరిగేది. బషీర్‌బాగులో తప్పేమిటి? చార్జీలు పెంచటం ఒక్కటే కాదు. గుంపుగా కదిలిన పౌరుడిని శత్రువుగా చూడటం. ఆ చూపే విప్రో కూడలిలోనూ వున్నది. తుపాకి లేదు, అంతే. ఒక చోట చూపును ఖండించి మరొకచోట నవ్వి వూరుకుంటే, ఖండించింది చూపును కాదు, చంద్రబాబునాయుడును అని తేలుతుంది.

వర్గదృష్టితో చూసినా మన మిత్రుల నవ్వు తప్పే. సైబరాబాదును కట్టినవారు దానిని నిరసన లేని జాగాగా కట్టారు. అద్దాల గోడలు, గేటులోపల గేటు, మెడలో గుర్తింపు కార్డు. అక్కడ రోడ్డు మీద కూడా కంపెనీ ఆవరణలో వున్నట్లే నడవాలి. అటువంటి చోట ఒక ఉద్యోగి మొదటిసారి ప్లకార్డు పట్టుకున్నాడంటే, అందులో రాసింది ఏదయినా సరే, ఆ చెయ్యి కొత్తగా ఒక పని నేర్చుకున్నది. రేపు ఆ చెయ్యి జీతం కోసమో, పని గంటల కోసమో లేస్తే అదే పోలీసు అదే మాట అంటాడు. అప్పుడు “మీకు అనుమతి లేకపోవటం అన్యాయం” అని మన మిత్రులు అరిస్తే, నిరుడు లేని అన్యాయం ఈ ఏడు ఎక్కడినుండి వచ్చిందని వాళ్ళు అడగరా?

ఈ అనుమతి అనేది ఎక్కడినుండి వచ్చిందో కాస్త చరిత్ర చూడాలి. నైజాము రాజ్యంలో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తరువు వుండేది. సర్కారు అనుమతి లేకుండా సభ జరపరాదు. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభ కూడా ఆ గస్తీ నీడలో జరిగినదే. తెలంగాణ ప్రజల రాజకీయ చైతన్యమంతా అనుమతి అనే ఆ మాటతో పెనుగులాడుతూ పెరిగింది. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నగరంలోనే నరికి చంపారు. సెప్టెంబరులో నైజాము పాలన పోయింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చింది. గస్తీ పోయిందనుకున్నాం. కాని హైదరాబాదు నగర పోలీసు చట్టం పోలేదు. ఆ చట్టం సంవత్సరం ఏమిటో తెలుసా? 1348 ఫస్లీ. నైజాము పంచాంగపు సంవత్సరం. ఇవాళ కూడా హైదరాబాదు కమిషనరు ప్రకటనలలో ఆ ఫస్లీ అంకె కనబడుతూనే వుంటుంది. 2004లో సైబరాబాదు పోలీసు పరిధికి వేరే చట్టం చేసినప్పుడు ఆ పద్ధతినే అక్కడికీ తరలించారు. సాఫ్టువేరుకు ప్రపంచ రాజధాని కాబోతున్నదని చెప్పుకునే చోట, సభాస్వాతంత్ర్యం మాత్రం ఫస్లీ లెక్కన నడుస్తున్నది.

ఇంకొక మాట. “రాజ్యాంగమా? అదంతా బూర్జువా కాగితం” అని పెదవి విరిచే మిత్రులున్నారు. ఒక అధ్యాపక మిత్రుడు ఈ మధ్య నాతో సరిగ్గా యిదే మాట అన్నాడు. రాజ్యాంగం గూర్చి భ్రమలు వుండనక్కరలేదు. 1947 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభలో ఏకైక కమ్యూనిస్టు సభ్యుడు సోమనాథ్ లాహిరి, ఈ ప్రాథమిక హక్కులు చాలా మటుకు పోలీసు కానిస్టేబులు దృష్టితో తయారైనవని మొగం మీదనే చెప్పాడు. ఎంత దూరం చూశాడు! రాజ్యాంగం అమలులోకి వచ్చిన నెల తిరక్కుండా, 1950 ఫిబ్రవరిలో ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద జైల్లో వున్న ఎ.కె. గోపాలన్ సుప్రీంకోర్టుకు పోతే, 1950 మే 19న ఆయన విడుదలకు కోర్టు ఒప్పుకోలేదు.

కాని ఆ వారం తరువాత వచ్చిన మరొక తీర్పును మన మిత్రులు ఎందుకు మరచిపోతారో అర్థం కాదు. 1950 మే 26. మద్రాసు ప్రభుత్వం ‘క్రాస్ రోడ్స్’ అనే వామపక్ష వారపత్రిక రాష్ట్రంలో అడుగు పెట్టకూడదని నిషేధించింది. అప్పుడు మన కోస్తా జిల్లాలూ, రాయలసీమా మద్రాసు రాష్ట్రంలోనివే. అంటే ఆ నిషేధం గుంటూరు పాఠకుడి మీద కూడా. దాని సంపాదకుడు రొమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు పోయాడు. ప్రజాశాంతి అనే విశాలమైన సాకుతో పత్రికను ఆపటానికి 19వ అధికరణంలో తావు లేదని కోర్టు నిషేధాన్ని కొట్టివేసింది. భారత రాజ్యాంగంలో వాక్స్వాతంత్ర్యానికి మొదటి పెద్ద గెలుపు తెచ్చిపెట్టినది ఒక వామపక్ష పత్రిక. ఆ గెలుపు పాలకులకు ఎంత బాధ కలిగించిందంటే, ఏడాది తిరిగేసరికి, 1951 జూన్‌లో, రాజ్యాంగాన్నే సవరించి “ప్రజాశాంతి” అనే మాటను 19వ అధికరణంలోకి చొప్పించారు. ఉత్త కాగితమే అయితే దాన్ని దిద్దటానికి అంత తొందర ఎందుకు?

ఆ సవరణతోపాటు, పరిమితి “సహేతుకంగా” వుండాలన్న మాట కూడా చేరింది. ఆ ఒక్క మాట పట్టుకునే తరువాతి డెబ్బయి ఏళ్ళ పోరాటం నడిచింది. 1962లో బీహారు ఉద్యోగుల కేసులో, శాంతియుతమైన ప్రదర్శన కూడా ఒక విధమైన భావప్రకటనేనని కోర్టు ఒప్పుకున్నది. 1965లో రామమనోహర్ లోహియా కేసులో న్యాయమూర్తి హిదయతుల్లా మూడు వలయాలు గీసి చూపాడు: అన్నిటికన్నా పెద్దది శాంతిభద్రతల వలయం, దాని లోపల ప్రజాశాంతి, దాని లోపల రాజ్యభద్రత. పెద్ద వలయంలో ఎక్కడో చిన్న అలజడి రేగినంతమాత్రాన లోపలి వలయం చెడిపోయినట్లు కాదు. రాజ్యాంగం పరిమితికి కారణంగా చెప్పింది లోపలి వలయాన్నే. మంత్రులు ఎప్పుడూ మాట్లాడేది పై వలయాన్ని గూర్చి. 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో, వీధిలో సభ పెట్టుకోవటాన్ని పోలీసు క్రమబద్ధం చేయవచ్చుగాని, తన యిష్టం మీద పూర్తిగా కాదనే అధికారం వుంచుకోరాదన్నారు. 2020 జనవరిలో అనూరాధా భాసిన్ కేసులో, నిషేధాజ్ఞ వేస్తే దాన్ని ప్రకటించాలని, న్యాయమైన నిరసనను అణచటానికి దాన్ని వాడరాదని, మళ్ళీ మళ్ళీ వేయటం అధికార దుర్వినియోగమని అన్నారు. ఇవన్నీ వున్నాయి. ఠాణాలో లేవు.

తెలుగునాట ఈ కాగితాన్ని నమ్ముకుని పని చేసినవారి కథ వేరే రాయాలి. 1974లో కవులను, రచయితలను ఇరికించిన సికిందరాబాదు కుట్రకేసు 1989లో నిర్దోషులని తేలేసరికి పదిహేనేళ్ళు గడిచాయి. వరంగల్లులో 1985 సెప్టెంబరు 3న డాక్టరు రామనాథాన్ని ఆయన క్లినిక్కులోనే కాల్చి చంపారు. ఆయన చేసిన నేరం పౌరహక్కుల సంఘంలో పనిచేయటం. కన్నబిరాన్ ఆ సంఘానికి అధ్యక్షుడుగా ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదించినది, పాలకులు తాము రాసుకున్న శాసనానికి తాము కట్టుబడి వుండాలనే. 1998లో బాలగోపాల్ మరో అడుగు ముందుకు వేసి, హక్కుల మాట రాజ్యానికి మాత్రమే కాదు, ప్రజల పేరుతో తుపాకి పట్టినవారికి కూడా చెప్పాలని వాదించి, సంఘం నుండి విడివడి మానవహక్కుల వేదిక స్థాపించినవారిలో ఒకడైనాడు. ఆయనతో ఏకీభవించని మిత్రులున్నారు. కాని తన వాళ్ళకు నచ్చని మాట చెప్పటానికి ఆయన వెనుకాడలేదన్నది వారు కూడా కాదనలేరు. రచయితల సంఘం విషయం కూడా చూడండి: 2005లో విరసాన్ని నిషేధించారు, మూడు నెలలు తిరక్కుండా ఆ నిషేధం నిలవలేదు. 2021లో మళ్ళీ 16 సంఘాలలో ఒకటిగా నిషేధించి, రెండు మూడు నెలలలో ప్రభుత్వమే వెనక్కి తీసుకున్నది. విరసంతో మనకు ఎన్ని సిద్ధాంత భేదాలున్నాయో యీ పత్రిక పుటలే చెబుతాయి. ఆ భేదాలు మనం మనం తేల్చుకోవలసినవి. జీవో వేసి తేల్చేవి కావు.

ఇక ప్రత్యర్థుల వాదనలో ఒక దానికి బలం వున్నది, దాన్ని దాటవేయరాదు. రోడ్డు మీద జనం గుమికూడితే ప్రాణాలు పోతాయంటారు. పోయాయి. 2022 డిసెంబరు 28న కందుకూరులో తొక్కిసలాటలో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో 3గురు చనిపోయారు. దాని మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనవరి 2న రోడ్ల మీద సభలను అదుపు చేస్తూ జీవో నంబరు 1 తెచ్చింది. 1861 నాటి పోలీసు చట్టాన్ని ఆధారం చేసుకున్నది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఎందుకు? జనం చావకుండా చూడటం అక్కరలేదనా? కాదు. తొక్కిసలాటకు మందు దారులు వెడల్పు చేయటం, జనాన్ని లెక్కవేసి బందోబస్తు పెట్టటం; సభలనే లేకుండా చేయటం కాదు. తిరునాళ్ళలో తొక్కిసలాట జరిగితే దేవుణ్ణి నిషేధించరు గదా.

ట్రాఫిక్కు సంగతి అంటారా? 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగరు చుట్టూ బ్యాటరీ కార్ల పందెం పెట్టి నగరం నడిబొడ్డున రోడ్లు రోజుల తరబడి మూసినప్పుడు అంబులెన్సుల సంగతి మంత్రులెవరికీ గుర్తుకు రాలేదు. పెట్టుబడి పరుగెత్తటానికి మూసిన రోడ్డు ప్రగతి. పౌరుడు నిలబడటానికి మూసిన రోడ్డు అరాచకం.

నోటి మాట పోయి సెల్‌ఫోను మాట వచ్చిన తరువాత అనుమతి యింకా లోపలికి జొరబడింది. 2025 మార్చి 12న, ముఖ్యమంత్రిని తిడుతూ ఒక రైతు మాట్లాడిన వీడియో చూపించారని ఇద్దరు మహిళా పాత్రికేయులను తెల్లవారుజామున అరెస్టు చేశారు. పెట్టిన సెక్షన్లలో వ్యవస్థీకృత నేరానికి సంబంధించినది కూడా వున్నది! ఆ రైతు భాష సభ్యమైనదని నేను వాదించను. తిట్టు తిట్టే. దానికి పరువునష్టం దావా వున్నది. వేకువజామున తలుపు తట్టటం కాదు. 2025 సెప్టెంబరు 10న తెలంగాణ హైకోర్టు, ప్రభుత్వాన్ని విమర్శించిన పోస్టుల మీద పెట్టిన మూడు కేసులను కొట్టివేస్తూ, యిటువంటి కేసులు పెట్టేముందు పోలీసులు ఏం చూసుకోవాలో వరుసగా చెప్పింది. ప్రాథమిక విచారణ చేయాలన్నది. అరెస్టు యాంత్రికంగా చేయరాదన్నది. ఆ తీర్పు ప్రతి ప్రతి కళాశాల గ్రంథాలయంలో వుండాలి.

వీటన్నిటిలో ఎవరి పేరూ లేనివారు ఒకరున్నారు. కోకాపేటలో ఆ అంతస్తులు కడుతున్నవారు. ఒడిషా నుండి, బీహారు నుండి, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చి, రేకుల షెడ్లలో పడుకుని, క్రేను కింద పనిచేసేవారు. పోలీసు అనుమతికి అర్జీ పెట్టాలంటే పేరు కావాలి, చిరునామా కావాలి, బాధ్యత వహించే మనిషి కావాలి, రేపు కూడా యిక్కడే వుంటాడన్న నమ్మకం కావాలి. మేస్త్రీ ఫోనులో తప్ప మరెక్కడా పేరు లేని మనిషి ఆ అర్జీ ఎట్లా పెడతాడు? పార్లమెంటు సభ్యుడికి గృహనిర్బంధం జరిగితే పత్రికలో వస్తుంది. వీరికి నిర్బంధించటానికి గృహమే లేదు. అనుమతి పద్ధతి అందరికీ సమానంగా వర్తిస్తుందని చెప్పేవారు ఒక సాయంత్రం నియోపొలిస్ రోడ్డు మీద నడచి చూడాలి. కూలి ఎగవేసిన కాంట్రాక్టరును నిలదీయటానికి పదిమంది గేటు ముందు నిలబడితే అది అయిదుగురికి మించిన గుంపే. ఎకరం 151 కోట్లు పలికే చోట ఆ పదిమంది మాటకు చోటు దొరకటమే 19వ అధికరణం అసలు అర్థం. కాని వారి కోసం పోరాడే హక్కు కావాలంటే, ముందు విప్రో కూడలిలోని ఉద్యోగి హక్కునూ, జూబిలీహిల్సులోని పార్లమెంటు సభ్యుడి హక్కునూ ఒప్పుకొని వుండాలి. ఏరి ఏరి యిచ్చే హక్కు వీరిదాకా రాదు.

చేయవలసిన పని ఒకటున్నది. అది అధ్యాపకులూ విద్యార్థులూ కూర్చుని చేయగలిగిందే. “చలో అసెంబ్లీ” అని ఎవరు పిలుపు యిచ్చినా, ముందురోజు రాత్రి అంగన్‌వాడీ కార్యకర్త నుండి ఆశా కార్యకర్త దాకా, నిరుద్యోగి నుండి పార్టీ నాయకుడి దాకా ఠాణాకు తీసుకుపోయి సాయంత్రానికి వదిలేస్తున్నారు. ప్రతి జిల్లాలో వీటి లెక్క రాయాలి. తేదీ, ఠాణా, తీసుకుపోయిన వేళ, వదిలిన వేళ, చూపిన సెక్షను. చూపకపోతే చూపలేదని రాయాలి. పార్టీ పేరు రాయనక్కరలేదు. ఒక్కొక్క దాని మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, ఏ ఉత్తరువుతో ఆపారో దాని నకలు అడగాలి. నకలు యిస్తే కోర్టుకు పోవచ్చు. నకలు లేదని రాసి యిస్తే అది యింకా మంచి కాగితం.

మొదటి దరఖాస్తు 2021 జులై 19 గురించి పెట్టాలని నా సూచన. ఇల్లున్నది హైదరాబాదు కమిషనరేటులో. పోదలచుకున్న కోకాపేట వున్నది సైబరాబాదు కమిషనరేటులో. కాబట్టి రెండు కార్యాలయాలకూ పెట్టాలి. ఆనాడు ఆ యింటి ముందు పోలీసులు నిలబడింది ఏ సెక్షను కింద, ఎవరి సంతకంతో? జవాబు త్వరగానే రావాలి. ఆనాడు ఆ గుమ్మం లోపల ఆగిపోయినవారే ఆ ఫైలు తెప్పించుకోగల అధికారంలో వున్నారు.